బ్యాలెట్ పెట్టెల నాటి ఎలక్షన్ డ్యూటీ

ఎన్నికల తేదీలు ప్రకటించారంటే చాలు, ఒకప్పుడు బడుల్లో, తాలూకాఫీసుల్లో, ఇరిగేషన్ సెక్షన్లలో ఒకటే మాట వినిపించేది: "ఆర్డర్లు వచ్చాయా?" సైక్లోస్టైల్ కాగితం, ఖాళీల్లో చేత్తో నింపిన పేరు, హోదా, శిక్షణ జరిగే చోటు, రిపోర్టు చేయాల్సిన రోజు. పీఓ అని ఉంటే ప్రిసైడింగ్ ఆఫీసర్, ఏపీఓ అని ఉంటే ఆయన తర్వాతి మనిషి, ఓపీఓలంటే మిగతా పోలింగ్ సిబ్బంది. నిన్నటిదాకా ఎక్కాలు చెప్పిన మాస్టారు, బిల్లులు రాసిన గుమాస్తా, పశువులకు సూదులేసిన కాంపౌండరు ఆ కాగితం అందుకున్నాక ఎవరి మనుషులూ కారు. ఆ రెండు రోజులూ ఎమ్మెల్యే మాటా చెల్లదు, సొంత శాఖ పెద్దల మాటా చెల్లదు. మన దేశంలో ఏ పక్షానికీ చెందని ప్రభుత్వోద్యోగం ఎలా ఉంటుందో మామూలు జనం దగ్గరగా చూసింది పోలింగ్ బూత్‌లోనే. అందుకే ఆ పనిని అంగుళం అంగుళం గుర్తు చేసుకోవాలనిపిస్తుంది.

పోలింగ్‌కు ముందు రోజు పొద్దున్నే నియోజకవర్గ కేంద్రంలో, ఏ జూనియర్ కాలేజీ ఆవరణలోనో షామియానాల కింద మెటీరియల్ ఇచ్చేవారు. గోనెసంచి విప్పి చెక్ మెమోతో ఒక్కో వస్తువూ సరిచూసుకోవడం మొదటి పని. బ్యాలెట్ పెట్టెలు, బ్యాలెట్ పత్రాల కట్టలు, ఓటేసినవాళ్ల పేర్ల మీద గీత పెట్టుకునే ఓటర్ల జాబితా (మార్క్‌డ్ కాపీ), చెరగని సిరా సీసా, స్టాంపు ప్యాడ్లు, స్వస్తిక్ ముద్ర అని అందరూ పిలిచే బాణాల గుర్తు రబ్బరు స్టాంపులు, బూత్‌ను గుర్తించే ముద్ర, పీఓ ఇత్తడి సీలు, కాగితపు సీళ్లు, అడ్రస్ ట్యాగులు, లక్క, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, పురికొస, బ్లేడు, జిగురు, గుండుసూదులు, కార్బన్ పేపర్లు, ఇనుప స్కేలు, గుడ్డపీలిక, ఓటు వేసే చోట అడ్డంగా పెట్టే అట్టలు, కవర్ల దొంతర. గుడ్డపీలికెందుకు, స్కేలెందుకు అని కొత్తవాళ్లు అక్కడే వదిలేసేవారు. స్కేలు లేకపోతే కౌంటర్‌ఫాయిల్ నుంచి, అంటే కట్టలోనే మిగిలిపోయే అడుగు చీటీ నుంచి, బ్యాలెట్ చించేటప్పుడు అంచు వంకరపోయి అభ్యర్థి పేరు దాకా చిరుగుతుంది. గుడ్డ లేకపోతే నూనె రాసుకొచ్చిన వేలిమీద సిరా నిలవదు.

బ్యాలెట్ కట్టల దగ్గర తొందర పనికిరాదు. మొదటి పత్రం నుంచి చివరి పత్రం దాకా వరుస సంఖ్యలు చూసుకోవాలి. ఒక్కోసారి మధ్యలో ఒక నంబరు ఉండదు, లేదా ఒకే నంబరు రెండుసార్లు పడుతుంది. అది అక్కడే చెప్పి రాయించుకోకపోతే మర్నాడు రాత్రి లెక్క ఎన్నిసార్లు వేసినా కుదరదు. మార్క్‌డ్ కాపీది కూడా ఇదే గొడవ. పార్ట్ నంబరు మన బూత్‌దేనా, అనుబంధ జాబితాలు జతపడ్డాయా, తొలగించిన పేర్ల మీద గీతలున్నాయా, పేజీలన్నీ ఉన్నాయా అని చూడాలి. పక్క బూత్ జాబితాతో ఊరు చేరాక ఆ సంగతి తెలిస్తే, ఫోన్లు లేని రోజుల్లో రూట్ ఆఫీసర్ జీపు వచ్చేదాకా చేసేదేమీ ఉండేది కాదు.

లారీలోనో ఆర్టీసీ బస్సులోనో ఊరు చేరేసరికి సాయంత్రం. పోలింగ్ కేంద్రం అంటే బడే. బల్లలు జరిపి, ఓటరు వచ్చే దారి, పోయే దారి వేరు చేసి, ఓటు వేసే అరను కిటికీకి దూరంగా పెట్టాలి. బయటినుంచి ఎవరూ తొంగిచూడకూడదు, లోపల మాత్రం వెలుతురుండాలి. అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లకు మొదటి పోలింగ్ అధికారి వెనక చోటు చూపాలి. వచ్చిన మనిషి ముఖమూ జాబితాలోని పేరూ రెండూ వాళ్లకు కనపడాలి, కానీ ఓటరు ముద్ర వేసేచోటు కనపడకూడదు. బయట 100 మీటర్ల లోపల ప్రచారం నిషేధం కాబట్టి సున్నంతో గీత గీయించేవారు.

ఆ రాత్రి లాంతరు వెలుగులో ప్రతి బ్యాలెట్ వెనకా, దాని కౌంటర్‌ఫాయిల్ వెనకా బూత్ ముద్ర కొట్టాలి. తర్వాత ప్రతి బ్యాలెట్ వెనకా పీఓ పూర్తి సంతకం చేయాలి. పొట్టి సంతకం చెల్లదు. సంతకాలన్నీ రాత్రే పూర్తి చేసేద్దామనిపిస్తుంది, కానీ తెలిసినవాళ్లు కొన్నే చేసేవారు. తెల్లారాక జనం వచ్చే వేగాన్ని బట్టి మిగతావి కట్ట కట్టగా చేసుకుంటూ పోయేవారు. సంతకం పడ్డ కాగితం చెల్లుబాటయ్యే కాగితం, అది మిగిలిపోయిందంటే ప్రమాదమే. బ్యాలెట్ పత్రాల లెక్క రాసే ఫారం 16లో వాడని పత్రాలను సంతకం ఉన్నవి, సంతకం లేనివి అని విడిగా రాయమనడం అందుకే. హడావుడిలో సంతకమో ముద్రో పడకుండా ఒక పత్రం ఓటరు చేతికి పోతే? నిబంధనల ప్రకారం అది తిరస్కరించదగ్గ ఓటు. కానీ ఆ లోపం పోలింగ్ సిబ్బంది పొరపాటు వల్లే జరిగిందని నియోజకవర్గ ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి నమ్మకం కుదిరితే ఆ కారణంతో ఓటును తీసేయకూడదు అని కూడా అదే నిబంధన చెబుతుంది. ఉద్యోగి తప్పుకు ఓటరు నష్టపోకూడదనే ఆ మినహాయింపు ఎన్నికల నిబంధనలన్నింటిలోకీ గొప్పదని నా అభిప్రాయం.

పోలింగ్ మొదలయ్యే ముందు పెట్టె సీలు చేయడం అందరికీ కనపడేలా జరగాలి. మూత తెరిచి, తలకిందులు చేసి, ఖాళీగా ఉందని ఏజెంట్లకు చూపించాలి. లోపల ఒక అడ్రస్ ట్యాగ్ వేయాలి, ఇంకోటి పైన కట్టాలి. లోపలిది ఎందుకంటే, పైది ఊడిపోయినా ఆ పెట్టె ఏ బూత్‌దో తెలియాలి. కాగితపు సీలు మీద పీఓ సంతకం, ఇష్టపడ్డ ఏజెంట్ల సంతకాలు. సీలు నంబరు వాళ్లూ రాసుకోవాలి. సీలు బిగించేటప్పుడు అది చిరిగితే జేబులో పెట్టుకోకూడదు. చిరిగిన ముక్కను కూడా లెక్కలో చూపి, కవర్లో పెట్టి తిరిగి ఇవ్వాలి. లక్క పని చిన్నదే కానీ అది చేయడం రానివాళ్లే ఎక్కువ. కొవ్వొత్తి మంట కొనకు లక్క పట్టుకుంటే మసి పట్టి నల్లబడుతుంది. పక్కగా, కొంచెం ఎడంగా పట్టుకుని ముడి మీద చుక్క చుక్కగా పడనిచ్చి, క్షణం ఆగి, ఇత్తడి సీలును నీళ్లలో తడిపి అదమాలి. తడపకపోతే లక్క సీలుకే అంటుకుని లేచొస్తుంది. వెంటనే అదిమితే అక్షరాలు కరిగిపోతాయి, ఆలస్యమైతే లక్క పగులుతుంది.

ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఓటు రహస్యం గురించిన 128వ సెక్షన్‌ను పీఓ అక్కడున్న అందరికీ వినపడేలా చదవాలి. డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, ఏజెంట్లతో పెట్టించాలి. గడియారం చూసి తలుపు తీయాలి.

మొదటి అధికారి ఓటరు పేరూ, వరుస సంఖ్యా గట్టిగా చదువుతాడు. మెల్లగా చదివితే ఏజెంట్లకు వినపడదు, అభ్యంతరం చెప్పే హక్కు వాళ్లకు పోయినట్టే. జాబితాలో ఎర్రసిరాతో గీత, ఆడవాళ్లయితే గీతతో పాటు సంఖ్య దగ్గర ఇంకో గుర్తు. రెండు గంటలకోసారి మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు అని లెక్క పంపాలి. ఆ రెండో గుర్తు మరిచిపోతే జాబితా మొత్తం మళ్లీ తిరగేయాల్సిందే. కౌంటర్‌ఫాయిల్ మీద ఓటరు వరుస సంఖ్య రాసి సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. జాబితాలో పేరు పక్కన మాత్రం బ్యాలెట్ నంబరు రాయరు, రాస్తే ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోయే దారి ఏర్పడుతుంది. కౌంటర్‌ఫాయిళ్లు సీలు వేసిన కవర్లో ఉండిపోతాయి, కోర్టు ఉత్తర్వు లేనిదే తెరవరు.

సిరా గురించి చెప్పుకోకపోతే ఈ జ్ఞాపకానికి రంగే ఉండదు. 1962 నుంచీ మైసూరు పెయింట్స్ సంస్థ తయారుచేస్తున్న సిరా అది. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు సోకాక నల్లబడుతుంది. ఆరడానికి కాస్త సమయం కావాలి కాబట్టి బ్యాలెట్ చేతికిచ్చే ముందే సిరా పెట్టాలి. ఓటేసి బయటికి వచ్చేసరికి ఆరిపోతుంది. అప్పట్లో ఎడమ చూపుడు వేలికి గోరూ చర్మమూ కలిసేచోట చుక్క పెట్టేవారు. తర్వాత గోరు పైనుంచి గీతలాగా పెట్టడం వచ్చింది. రీపోలింగ్ అయితే నడిమి వేలికి పెడతారు. సీసా ఒరిగిందంటే టేబులు మీది కాగితాలన్నీ పాడే, అందుకని చిన్న డబ్బాలో ఇసుక పోసి అందులో సీసా పాతిపెట్టేవారు. సిరా వేసే ఓపీఓ సాధారణంగా పోలింగ్ సిబ్బందిలో అందరికన్నా చిన్నవాడు. "కాస్త తక్కువ పెట్టండి బాబూ, రేపు పెళ్లికి పోవాలి" అనే పెద్దమ్మకూ, వేలు చాపడానికి మొహమాటపడే కొత్తకోడలికీ సర్దిచెప్పే ఓపిక వాడికుండాలి. ఆ మొహమాటానికి లొంగి పైపైన అద్దితే అది మర్నాటికే పోతుంది.

ఇక బ్యాలెట్ మడత. ఓటరుకు ఇచ్చేముందు పత్రాన్ని మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, విప్పి ఇవ్వాలి. ఆ మడతల మీదే తిరిగి మడవమని చెప్పాలి. ఎందుకంటే ముద్ర సిరా తడిగా ఉంటుంది. ముందు అడ్డంగా మడిస్తే ఆ తడి పక్క వరుసలో ఉన్న ఇంకో అభ్యర్థి గుర్తు మీద దిగి రెండు ముద్రలున్నట్టు కనపడుతుంది. నిలువుగా మడిస్తే అంటుకున్నా అదే అభ్యర్థి వరుసలో పడుతుంది. ముద్రలోని బాణాల వంపు కూడా ఊరికే పెట్టింది కాదు. మడతలో దిగిన మరక అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కాబట్టి లెక్కింపు బల్ల దగ్గర అసలు ముద్ర ఏదో, అంటుకున్న మరక ఏదో గుర్తుపట్టొచ్చు. ప్యాడ్ మరీ తడిగా ఉంటే అచ్చు ముద్దవుతుంది, ఎండితే కనపడదు. ప్రతి గంటకోసారి పీఓ వెళ్లి ప్యాడ్ చూసి రావాలి. ఆ నెపంతోనే లోపల ఎవరైనా గుర్తుల కాగితం అంటించి పోయారేమో కూడా చూసుకునేవారు.

మధ్యాహ్నం దాటాక తగవులు మొదలయ్యేవి. "నా ఓటు ఎవరో వేసేశారు" అని ఒకాయన వస్తాడు. కసురుకుని పంపేయడం నేరం. ప్రశ్నలడిగి ఆయనే అసలు మనిషని తేలితే టెండర్డ్ బ్యాలెట్ ఇవ్వాలి. ముద్ర వేశాక అది పెట్టెలో పడదు, పీఓ చేతికి వచ్చి విడి కవర్లోకి పోతుంది, ఆయన పేరు విడి జాబితాకెక్కుతుంది. ఆ ఓటు మామూలుగా లెక్కలోకి రాదు, కోర్టుకు పోతే మాత్రం సాక్ష్యమవుతుంది. కంగారులో దాన్ని పెట్టెలో వేయనిచ్చే పీఓలుండేవారు. అలా చేస్తే రెండు లెక్కలూ చెడినట్టే. ఇక ఏజెంటు "ఈమె ఆమె కాదు" అంటే రెండు రూపాయలు కట్టించుకుని, రసీదిచ్చి, అక్కడికక్కడే విచారణ చేయాలి. ఆరోపణ నిలిస్తే ఆ రెండు రూపాయలూ తిరిగి ఇస్తారు. ఊరికే అల్లరికి పెట్టిందని తేలితే ప్రభుత్వానికి జమ. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది కానీ, రసీదు పుస్తకం బయటికి తీయగానే సగం గొడవలు సద్దుమణిగేవి.

భోజనం సంగతి ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుందేమో. ఏ పార్టీ వాళ్లింటినుంచీ క్యారేజీ తీసుకోకూడదు. ఊళ్లో హోటలుండదు. అటుకులో, అరటిపళ్లో, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోరో తిని కానిచ్చేవారు. ఒక పార్టీ ఏజెంటు ఇచ్చిన టీ తాగితే రెండోవాడి కళ్లలో ఆ రోజంతా చేసిన పని విలువ పడిపోతుంది. ఇప్పుడు చాలాచోట్ల బడి మధ్యాహ్న భోజనం వండే అక్కలతోనో, పొదుపు సంఘాలతోనో వండించే ఏర్పాటు చేస్తున్నారు. ఆ డబ్బు సిబ్బందే కట్టినా, అధికారులే కట్టినా ఇది మంచి మార్పు.

ముగింపు వేళకు వరుసలో ఇంకా జనముంటే పీఓ సంతకం చేసిన చీటీలు పంచాలి. ఒకటో నంబరు చీటీ వరుసలో చిట్టచివర నిలుచున్నవాడికి. అక్కడినుంచి ముందుకు రావాలి. తలుపు దగ్గరనుంచి మొదలుపెడితే మనం తోక చేరేలోపు ఆ తోకకు ఇంకో పదిమంది కలుస్తారు. శిక్షణలో ప్రతిసారీ చెప్పినా ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరు తిరగేసి పంచేవారు.

తర్వాతే అసలు రాత్రి. మొత్తం అందిన పత్రాలు, వాడనివి, పాడైపోయి రద్దు చేసినవి, టెండర్డ్‌గా వెళ్లినవి, పెట్టెలో పడాల్సినవి. మార్క్‌డ్ కాపీలో గీతలెన్ని ఉన్నాయో కౌంటర్‌ఫాయిళ్లూ అన్నే తేలాలి. తేలకపోతే సాధారణంగా కారణం మూడింట్లో ఒకటి: రెండు బ్యాలెట్లు ఒకదానికొకటి అంటుకుని ఒకేసారి చిరిగిపోవడం, పేరు పిలిచాక ఓటరు వెనక్కి వెళ్లిపోయినా గీత అలాగే ఉండిపోవడం, లేదా భోజనం వేళ మనుషులు మారినప్పుడు గీత మరిచిపోవడం. తేడా ఉంటే ఉన్నట్టే రాసి, ఆ రోజు జరిగింది పీఓ రాసే డైరీలో కారణం చూపాలి. లెక్క కుదరాలని అంకె దిద్దడమే పెద్ద తప్పు. తేడాకు కారణం చెప్పుకోవచ్చు, దిద్దుబాటుకు చెప్పుకోలేం. రిసెప్షన్ సెంటర్లో కౌంటరు దగ్గర పెట్టె కన్నా ముందు అడిగేది డైరీ, ఫారం 16. అవి గోనెసంచి అడుగున ఉంటే అర్ధరాత్రి సంచి మొత్తం విప్పాలి. అందుకే అనుభవమున్న పీఓలు వాటిని చొక్కా లోపల పెట్టుకుని వచ్చేవారు.

ఈ పద్ధతి కూడా మొదటినుంచీ ఇలా లేదు. 1951-52లో సుకుమార్ సేన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా జరిగిన మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టెకు గుర్తు అంటించి ఉండేది. రూపాయి నోటంత కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేయడమే ఓటు. ముద్ర వేసే పని లేదు. చదువురాని దేశానికి అది సులువే, కానీ ఏ గుర్తూ లేని కాగితం కాబట్టి పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి అమ్ముకోవచ్చు, కొన్నవాడు అన్నీ కలిపి ఒకే పెట్టెలో వేయించవచ్చు. అందుకే పేర్లూ గుర్తులూ అచ్చేసిన పత్రం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 1962 ఎన్నికలకు అదే వ్యాపించింది. మన ఆంధ్ర ప్రాంతానికి 1955లోనే శాసనసభ ఎన్నికలు జరగడంతో 1957లో అసెంబ్లీకి తెలంగాణ జిల్లాలే ఓటేశాయి. రెండు ప్రాంతాలూ కలిసి ఒకే శాసనసభకు ఓటేసింది ఆ 1962లోనే.

కాగితం ఎంత బరువెక్కగలదో 1996లో నల్గొండ చూపించింది. ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. లోక్‌సభకు 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ ఒక పుస్తకమైంది. ఆ పుస్తకం మడిచి పెట్టెలో వేయాలంటే పెట్టెలెన్ని కావాలో, ఒక్కో ఓటరుకు ఎంతసేపు పడుతుందో ఊహించుకోవచ్చు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మళ్లీ 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారిలో నడిస్తే అభ్యర్థులు 185 మంది అయ్యారు. అప్పటికి ఓటింగ్ యంత్రాలొచ్చాయి. ఓటరు మీట నొక్కే ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి ప్రతి బూత్‌లో 12 యూనిట్లు వరుసగా బిగించారు. రెండుసార్లూ జనం ఆగ్రహం ప్రభుత్వం మీద. దాన్ని ఒక్క ఓటూ జారకుండా లెక్కకెక్కించింది ప్రభుత్వ సిబ్బందే.

ఇంత పద్ధతి ఉన్నా, ఆ రోజుల్లో ఉద్యోగి వెన్ను గట్టిగా ఉండేదని చెబితే అబద్ధమవుతుంది. బూత్‌లోకి పదిమంది కర్రలతో వచ్చి బ్యాలెట్ కట్ట లాక్కుంటే ముద్రలు గుద్దుకోనిచ్చి, సాయంత్రం "పోలింగ్ ప్రశాంతం" అని రాసిచ్చిన డైరీలు చాలా ఉన్నాయి. భయం ఒక కారణం. ఎన్నికలు అయిపోగానే బదిలీ చేసేది అదే నాయకుడన్న లెక్క ఇంకో కారణం. దీన్ని మార్చింది ఒక్కరోజు సంస్కరణ కాదు. 1989 మార్చిలో అమల్లోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ సెక్షన్ ఎన్నికల పనిలో ఉన్న అధికారులు, సిబ్బంది ఫలితాలు వచ్చేదాకా ఎన్నికల కమిషన్‌కు డిప్యుటేషన్ మీద ఉన్నట్టే, దాని క్రమశిక్షణ కిందే ఉంటారని చెప్పింది. బూత్ ఆక్రమణ ప్రత్యేక నేరమైంది కూడా ఆ సవరణలతోనే. కానీ కాగితం మీది మాటను పట్టుబట్టి నిలబెట్టినవారు అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్. సిబ్బంది మీద తన అధికారాన్ని కేంద్రం ఒప్పుకునేదాకా ఎన్నికలే జరపనని 1993 ఆగస్టు 2న ఉత్తర్వు ఇచ్చారు. ఆ వివాదం సుప్రీంకోర్టులో నడిచి 2000 సెప్టెంబరులో ఒప్పందంతో ముగిసింది. విధుల్లో తప్పుచేసిన ఉద్యోగిని సస్పెండ్ చేయడం, ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టించడం, శాఖాపరమైన చర్యకు సిఫారసు చేయడం కమిషన్ చేతికొచ్చాయి. చాలామంది దీన్ని ఉద్యోగిని బెదిరించే అధికారంగా చూస్తారు. పని చేసినవాళ్లకు తెలుసు, అదే రక్షణ కూడా. "సార్, నా చేతిలో లేదు, కమిషన్‌కు చెప్పుకోండి" అనే మాట అప్పటినుంచే నిజమైంది.

1994 డిసెంబరు అసెంబ్లీ ఎన్నికల్లో మన ఊళ్ల గోడలు శుభ్రంగా కనపడటం, మైకులు రాత్రి ఆగిపోవడం అందరికీ గుర్తే. లోపల జరిగిన మార్పు అంతగా కనపడలేదు. పరిశీలకులకు చట్టంలో చోటొచ్చింది. ఒకేచోట మూడేళ్లు నిండిన, సొంత జిల్లాలో పనిచేస్తున్న అధికారులను ముందే కదిలించే పద్ధతి బిగిసింది. తర్వాత డ్యూటీలు వేసే పని ఎలక్షన్ గుమాస్తా చేతినుంచి కంప్యూటర్‌కు పోయింది. మూడు విడతలుగా పేర్లు కలుపుతారు. మొదట ఎవరు కావాలో, తర్వాత ఏ నియోజకవర్గమో, చివరకు ఏ బూతో. సొంత నియోజకవర్గమూ, పనిచేసే నియోజకవర్గమూ పడకూడదు. బూత్ నంబరు బయల్దేరే ముందు తెలుస్తుంది. ఏ ఊరికి ఏ పీఓ వస్తాడో ముందు తెలియకపోతే అతన్ని కొనడానికి ఎవరికీ వ్యవధి ఉండదు. సిఫారసుతో డ్యూటీ తప్పించుకోవడం పూర్తిగా పోలేదు కానీ, కావాలని ఫలానా బూత్ వేయించుకోవడం దాదాపు పోయింది.

ఓటింగ్ యంత్రం తయారీలో హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు మొదటినుంచీ చేయి ఉంది. 1982లో కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో వాడితే చట్టంలో చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో కొట్టేసింది. చట్టం మారి, 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా యంత్రాలే. లక్క వాసన తగ్గింది కానీ జాగ్రత్తలు తగ్గలేదు, మారాయంతే. కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేసి, క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మూడు మీటలూ వరుసగా నొక్కాలి. చివరిది మరిచిపోతే ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలిసి రిజిస్టరుకూ యంత్రానికీ తేడా వస్తుంది. అలాంటి యంత్రాన్ని లెక్కింపులో పక్కన పెడతారు, గెలుపు తేడా దానిలోని ఓట్లకన్నా తక్కువైతేనే దాని సంగతి చూస్తారు. అంటే ఒక్క మీట మరిచిపోతే ఒక ఊరి ఓటంతా పక్కకు పోయినట్టే. ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్‌లో పడ్డ మాక్ పోల్ చీటీలు తీసి, వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు చేయాలి. కేబుళ్లు కలిపేటప్పుడూ తీసేటప్పుడూ, పీఓ దగ్గరుండే కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆపే ఉండాలి. వీవీప్యాట్ మీద కిటికీ ఎండో బల్బు వెలుగో నేరుగా పడితే లోపలి సెన్సర్ తికమకపడి మొరాయిస్తుంది. పాత కాలంలో కిటికీకి దూరంగా అర పెట్టినవాళ్లకు ఇది కొత్తగా నేర్పనక్కర్లేదు.

బ్యాలెట్ పెట్టె పూర్తిగా పోలేదు. పంచాయతీ ఎన్నికల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవే. 2020లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు కూడా కాగితం మీదే జరిగాయి. ఇవి రాష్ట్ర ఎన్నికల సంఘం నడిపేవి. పంచాయతీకి పోలింగ్ మధ్యాహ్నానికి ముగుస్తుంది, భోజనం కాగానే అదే ఊళ్లో, అదే సిబ్బంది లెక్కిస్తారు. సర్పంచ్, వార్డు పత్రాలు వేరుచేయడం దగ్గరే చేతులు తడబడతాయి. లెక్కించే బల్లకు నాలుగడుగుల్లో ఓడిపోతున్న మనిషి నిలబడి ఉంటాడు. పార్టీ గుర్తులు లేకపోయినా పంతాలుంటాయి. నా దృష్టిలో అసెంబ్లీ డ్యూటీ కన్నా ఇదే కష్టం. శిక్షణ మాత్రం దీనికే తక్కువ.

ఈ వ్యవస్థను మళ్లీ పదును పెట్టాలంటే యంత్రాలకన్నా ముందు మనుషుల సంగతి చూడాలి. పరీక్ష రాసి, సర్వీస్ రూల్స్ కింద ఉండి, తప్పుచేస్తే ఉద్యోగం పోతుందన్న భయమూ, తప్పు చేయనంటే ఎవరూ పీకలేరన్న ధైర్యమూ రెండూ ఉన్నవాళ్లే ఈ పనికి తగినవాళ్లు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లను ఎన్నికల విధులకు దూరంగా ఉంచమని కమిషన్ చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ తేడానే. వాళ్లు పని చేయలేరని కాదు, వాళ్ల నియామకానికి ఆ రక్షణ లేదు. బళ్లలో, ఆఫీసుల్లో పోస్టులు ఖాళీగా ఉంచి తాత్కాలిక సిబ్బందితో నెట్టుకొచ్చే ప్రభుత్వం, అది ఏ పార్టీదైనా, పోలింగ్ పార్టీలకు మనుషుల్లేకుండా చేస్తోంది. ఐదొందల మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి మైకులో చెప్పే శిక్షణ శిక్షణ కాదు. యంత్రమో పెట్టెనో ప్రతి ఒక్కరి చేతికిచ్చి సీలు వేయించాలి, విప్పించాలి, తేడా ఉన్న ఒక ఉత్తుత్తి లెక్క ఇచ్చి ఆ తేడా ఎక్కడుందో పట్టించాలి.

అందరి ఓట్లూ వేయించే ఈ సిబ్బంది సొంత ఓట్లే ఎక్కువగా మురిగిపోతాయి. కొత్తగా గ్రూప్ పరీక్షలు రాసి, డీఎస్సీలో గెలిచి చేరినవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. పోస్టల్ బ్యాలెట్‌కు ఫారం 12 శిక్షణ మొదటి రోజే ఇచ్చేయాలి. డ్యూటీ సిబ్బంది ఓటు కోసం పెట్టే ఫెసిలిటేషన్ సెంటర్లో ఓటేశాక పత్రాన్ని 13బి లోపలి కవర్లో పెట్టి అంటించాలి. 13ఎ డిక్లరేషన్ ఆ కవర్లో పెట్టకూడదు, దానితో పాటు 13సి పెద్ద కవర్లో విడిగా పెట్టాలి. 13ఎ మీద మీ సంతకమూ, బ్యాలెట్ వరుస సంఖ్యా, ధ్రువీకరించే అధికారి సంతకమూ ఉన్నాయో లేదో కవరు అంటించే ముందే చూసుకోండి. వాటిలో లోపముంటే లెక్కింపు రోజు లోపలి కవరు తెరవకుండానే తీసి పక్కన పెడతారు.